కిందిమెట్టు మీద కుర్చీ

మినాస్ తిరిత్ కొలువుకూటంలో గుడ్డ గానీ చెక్క గానీ కనిపించవు. అంతా రాయే. పొడవాటి చావడికి అటూ ఇటూ నల్లరాతి స్తంభాలు, వాటి నడుమ నిలువెత్తు రాతి ప్రతిమలు. చివర ఎన్నో మెట్ల వేదిక, దాని మీద సింహాసనం, సింహాసనానికి పైన కిరీటం పెట్టిన శిరస్త్రాణం ఆకారంలో మలిచిన చలువరాతి గొడుగు. వెనక గోడ మీద విరగబూసిన చెట్టు బొమ్మ, దానికి పొదిగిన మణులు. ఇంత చేసీ ఆ సింహాసనం ఖాళీ. అన్నిటికన్నా కిందిమెట్టు మీద ఏ చెక్కడమూ లేని నల్లరాతి కుర్చీ ఒకటుంది. రాజ్యమేలుతున్న ముసలాయన అందులో కూచుని ఉంటాడు. చేతిలో తెల్లకర్ర, దాని కొసన బంగారు బొడిపె.

జె. ఆర్. ఆర్. టోల్కీన్ రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడో సంపుటం మొదటి అధ్యాయంలో పిప్పిన్ అనే హాబిట్, అంటే మనిషిలో సగం ఎత్తుండే జాతివాడు, ఈ చావడిలో అడుగుపెడతాడు. చూస్తాడు, బెదురుతాడు, కథ ముందుకు పోతుంది. ఆ కుర్చీ అక్కడికి ఎలా వచ్చిందో పూర్తిగా తెలియాలంటే పుస్తకం చివరి అనుబంధాలదాకా పోవాలి. గోండోర్ అనే ఈ కల్పిత రాజ్యాన్ని 969 ఏళ్ళపాటు రాజు లేకుండా రాజప్రతినిధులు ఏలారనీ, వాళ్ళలో ఒక్కరూ పైమెట్టు ఎక్కలేదనీ అక్కడ తెలుస్తుంది. రాజ్యం కూలిందని చెప్పడానికి ఏ రచయితకైనా మంటలూ కత్తులూ చాలు. కూలవలసింది కూలకుండా, లేవవలసింది లేవకుండా దాదాపు వెయ్యేళ్ళు నిలిచిందని చెప్పడానికి టోల్కీన్ ఒక కుర్చీని కిందిమెట్టు మీద పెట్టాడు.

ఈ పనితనం ఎలాంటిదో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. గోండోర్ ఎదిగిన తీరు, తరిగిన తీరు బొత్తిగా ఎక్కడా లేని కథ. అయినా చదువుతుంటే నిజంగా జరిగిన చరిత్రలాగే బరువుగా ఉంటుంది. ఆ బరువు వర్ణనల వల్ల వచ్చింది కాదు. అనుబంధాల్లో వర్ణన చాలా తక్కువ. అది కీళ్ళ వల్ల వచ్చింది. టోల్కీన్ చేతిలో ఏ ఆపదా పూర్తిగా తీరిపోదు. తీరినట్టే తీరి ఒక ముక్క మిగులుతుంది. రెండు వందల ఏళ్ళకో, పదిహేను వందల ఏళ్ళకో వచ్చే మరో ఆపద సరిగ్గా ఆ ముక్కలోనే వచ్చి దిగుతుంది. మేకులు వాడకుండా చెక్కలో చెక్క దిగేసి బిగించిన తలుపులాంటి పని.

ముందు, కట్టిన వరస చెప్పాలి. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు చెప్పిన ఆచార్యుడు. 1937 డిసెంబరులో ఈ నవల మొదలుపెట్టినప్పుడు గోండోర్ లేదు, తిరిగి రావలసిన రాజూ లేడు. తర్వాత ఆరగోర్న్ మహారాజుగా తేలిన పాత్ర తొలి చిత్తుప్రతుల్లో ట్రాటర్ అనే పేరుతో, చెక్కజోళ్ళు తొడుక్కుని తిరిగే హాబిట్. దక్షిణాదిన ఉన్న రాజ్యానికి మొదట పెట్టిన పేరు 'ఓండ్'. అది ఓండోర్ అయి, చివరికి గోండోర్ అయింది. ఆ రాతిదేశం చరిత్ర అతని చేతికి కొంచెం కొంచెంగా అందింది. 1944 మేలో, వైమానిక దళ శిక్షణలో దక్షిణాఫ్రికాలో ఉన్న కొడుకు క్రిస్టఫర్‌కి రాసిన ఉత్తరంలో, ఫారమిర్ అనే కొత్తవాడొకడు అడవిలోంచి నడిచి వచ్చేశాడని, తాను కల్పించిన మనిషిలా లేడని, గోండోర్ గురించీ పొరుగు రాజ్యం రోహన్ గురించీ చరిత్ర చెప్పుకుంటూ పోతూ అసలు కథని ఆపేస్తున్నాడని టోల్కీన్ నవ్వుతూ మొర పెట్టుకున్నాడు. అంటే ముందు శిథిలం కనబడింది. ఆ శిథిలం అలా ఎందుకైందో వెనక్కి లెక్క కట్టుకుంటూ పోయాడు. రాజుల పట్టికలు, ఏళ్ళ వరసలు చాలావరకు నవల పూర్తవుతున్నప్పుడూ ఆ తర్వాతా తయారైనవే.

ఆ లెక్క తేలడం ప్రచురణకర్తలకి నరకమైంది. మొదటి సంపుటం 1954 జూలైలో, రెండోది అదే నవంబరులో వచ్చాయి. మూడోది 1955 అక్టోబరు 20 దాకా రాలేదు. పాఠకులు కథ ఏమైందో తెలియక ఏడాది పొడుగునా అల్లాడితే, రచయిత రాజుల వయసులు, పంచాంగాలు సరిచూసుకుంటున్నాడు. ఆలస్యానికి ముఖ్య కారణం అనుబంధాలే. ఆ సంపుటానికి కావలసిన గోండోర్ పెద్ద పటాన్ని క్రిస్టఫర్ గీశాడు.

అనుబంధాల గొంతు కూడా చూడదగ్గది. ఫలానా రాజు ఫలానా ఏట పట్టానికొచ్చాడు, ఫలానా యుద్ధంలో పోయాడు, కొడుకు లేడు కనక తమ్ముడి కొడుకు ఏలాడు, అని పొడిపొడిగా నడుస్తుంది. మన కైఫీయతులు చదివినవాళ్ళకి ఈ గొంతు పరిచయమే. కొన్నిచోట్ల వాక్యాలు ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంటాయి. అంటే అంతకన్నా పెద్ద గ్రంథమొకటుందని, ఇది దానిలోంచి ఎత్తి రాసిందని నటన. రెండో కూర్పులో చేర్చిన ఒక గమనికలో, గోండోర్ రాజుగారి లేఖకుడు ఫిండెగిల్ ఆ ప్రతిని ఏ ఏట రాసి ముగించాడో కూడా ఉంటుంది. లేని గ్రంథానికి లేని లేఖకుడు పెట్టిన తేదీ అది.

ఇక రాజ్యం. సముద్రంలో మునిగిపోయిన నూమెనోర్ ద్వీపం నుంచి ఎలెండిల్, అతని కొడుకులు ఇసిల్దూర్, అనారియోన్ తొమ్మిది ఓడల్లో బయటపడతారు. ఆ మరుసటి ఏడు, రెండో యుగం 3320లో, ఉత్తరాన ఆర్నోర్, దక్షిణాన గోండోర్ వెలుస్తాయి. గోండోర్ నేల మీద టోల్కీన్ మూడు నగరాలు ఒకే గీత మీద పెట్టాడు. నడుమ ఆండుయిన్ నది మీద రాజధాని ఓస్గిలియత్, అక్కడి చావడిలో అన్నదమ్ముల సింహాసనాలు పక్కపక్కన. నదికి తూర్పున, శత్రువు దేశమైన మోర్డోర్ అంచున, చంద్రుడి పేరున్న మినాస్ ఇథిల్. పడమట కొండ పక్కన సూర్యుడి పేరున్న మినాస్ అనోర్. ఈ ఏర్పాటే తర్వాత గడియారంలా పనిచేస్తుంది. నడిమి నగరం తగలబడుతుంది. తూర్పు నగరం శత్రువు చేతికి పోయి మినాస్ మోర్గుల్ అవుతుంది. పడమటిది సూర్యుడి పేరు వదులుకుని మినాస్ తిరిత్, అంటే కావలి బురుజు, అవుతుంది. పటం మీద మూడు చుక్కలు చూస్తే చాలు, రాజ్యానికి ఏ వేళైందో తెలిసిపోతుంది.

ఎదుగుదలని టోల్కీన్ త్వరగా దాటించాడు, నేనూ దాటిస్తాను. మూడో యుగం 830 నుంచి నలుగురు ఓడరాజులు తీరం వెంట దక్షిణానికి చొచ్చుకుపోయారు. 933లో ఉంబార్ రేవు చిక్కింది. దాన్ని గెలిచిన రాజు మూడేళ్ళకే ఓడలతో సహా తుఫానులో మునిగాడు. అతని కొడుకు ఆ రేవు ముట్టడిలో చచ్చాడు. మనవడు 1050లో దక్షిణ రాజుల్ని చితక్కొట్టి హ్యార్మెన్‌దకిల్, అంటే దక్షిణవిజేత, అన్న పేరు పెట్టుకుని 134 ఏళ్ళు ఏలాడు. రాజ్యం ఎంత పెద్దదైందో చెప్పడానికి ఎల్లల పేర్లతో పాటు ఒక చిన్న సంగతి వేశాడు: ఓడిన దక్షిణ రాజుల కొడుకులు గోండోర్ కొలువులో బందీలుగా పెరిగారట. సామ్రాజ్యమంటే ఏమిటో తెలిసిన చెయ్యి రాసిన మాట అది.

తర్వాతి రాజు అతనతార్ ఆల్కరిన్, అంటే వైభవశాలి. ఇతని కాలంలో గోండోర్‌లో మణులు పిల్లలు ఆడుకునే గులకరాళ్ళతో సమానమని జనం చెప్పుకునేవారట. పూర్వం పట్టాభిషేకానికి వాడింది మామూలు యుద్ధ శిరస్త్రాణం. ఇతని రోజుల్లో దాని స్థానంలో మణులు చెక్కినది వచ్చింది. ఇతను యుద్ధం ఓడలేదు, ఊళ్ళు పోగొట్టుకోలేదు. ఏమీ చెయ్యలేదు, అంతే. మోర్డోర్ మీద కావలి సడలింది. ఇతను బతికుండగానే తరుగు మొదలైందని చరిత్రకారుడు ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు పోతాడు. పైకెక్కడానికి పట్టింది సుమారు మూడు వందల ఏళ్ళు. ఇక్కణ్ణించి కిందికి దిగడానికి పద్దెనిమిది వందల ఏళ్ళు పడుతుంది. నిజం సామ్రాజ్యాల లెక్క తెలిసినవాడే ఇలా కొలత పెట్టగలడు. 1951లో సంపాదకుడు మిల్టన్ వాల్డ్‌మన్‌కి రాసిన పొడవాటి ఉత్తరంలో, ఈ దశకొచ్చిన గోండోర్‌ని టోల్కీన్ బైజాంటియంతో పోల్చాడు: గర్వం, పూజ్యత మిగిలి, రానురాను చేవ తగ్గిన రాజ్యం. మరో ఉత్తరంలో గోండోర్ వాళ్ళు పాత ఈజిప్టు వాళ్ళలాంటివాళ్ళన్నాడు: భారీగా కట్టడమంటే మోజు, వంశాల మీద, సమాధుల మీద మమకారం.

అసలు పనితనం దాయాదుల పోరు దగ్గర మొదలవుతుంది. నన్నడిగితే మొత్తం కట్టడానికి నడిదూలం ఇదే. ఆల్కరిన్ కొడుకు సోమరి, పిల్లల్లేరు. పాలన మోసింది అతని తమ్ముడి కొడుకు మినల్కార్. తూర్పు దండుల్ని ఓడించడానికి ఉత్తరాది జనం సాయం కావాలి. అందుకని మినల్కార్ 1250లో తన కొడుకు వలకార్‌ని వాళ్ళ రాజు దగ్గరికి రాయబారిగా పంపాడు, వాళ్ళ భాష, మర్యాద నేర్చుకోమని. నేర్చుకోవలసినదానికన్నా ఎక్కువే నేర్చుకున్నాడు: రాజు కూతురు విదుమావిని పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ కొడుక్కి తల్లివైపు పేరు వినిథార్య, తండ్రివైపు పేరు ఎల్డకార్. ఉత్తరాదివాళ్ళ పేర్లన్నీ టోల్కీన్ గోథిక్ భాష అచ్చులో పోశాడు. రోమ్ సామ్రాజ్యపు అంచున నిలిచిన గోథుల్ని గుర్తు చెయ్యడానికి వేరే వివరణ అక్కర్లేకుండా, పేరే ఆ పని చేస్తుంది.

గోండోర్ పెద్దింటివాళ్ళకి ఈ సంబంధం గిట్టలేదు. తక్కువ ఆయుర్దాయం ఉన్న జాతి రక్తం కలిస్తే రాజుల ఆయువు తరిగిపోతుందని భయం. 1432లో తిరుగుబాటు లేచింది. 1437లో ఓస్గిలియత్ తగలబడింది. నక్షత్ర గోపురం కూలి, అందులోని దూరదర్శన శిల నదిలో పోయింది. నావికాదళాధిపతి కాస్టమిర్ సింహాసనమెక్కాడు. క్రూరుడు, ఎల్డకార్ పెద్దకొడుకుని చంపించాడు. ఓడల మీదే ధ్యాస, రాజధానిని పెలార్గిర్ రేవుకి మార్చాలని చూశాడు, నేల మీది జనం విరక్తి చెందారు. పదేళ్ళకి ఎల్డకార్ ఉత్తరాది సైన్యంతో తిరిగొచ్చి కాస్టమిర్‌ని తన చేత్తో చంపాడు. అంతటితో న్యాయం జరిగినట్టే. కాని కాస్టమిర్ కొడుకులు పెలార్గిర్‌లో ముట్టడిని కాచుకుని, 1448లో ఓడలన్నిటితో ఉంబార్‌కి పారిపోయారు.

ఈ మిగిలిపోయిన ముక్క ఎక్కడెక్కడ తేలుతుందో గమనించండి. 1634లో కాస్టమిర్ మునిమనవలు ఓడదొంగలై పెలార్గిర్‌ని కొల్లగొట్టి మినర్దిల్ రాజుని చంపుతారు. రెండేళ్ళకి మహమ్మారి వచ్చి అతని కొడుకునీ, ఆ కొడుకు పిల్లలందరినీ ఊడ్చేస్తుంది. 1810లో గోండోర్ మళ్ళీ ఉంబార్‌ని గెలిచి కాస్టమిర్ వంశాన్ని తుదముట్టిస్తుంది; ఐనా తూర్పునుంచి బండ్ల మీద వచ్చిన జనంతో పోరు ముంచుకొచ్చి రేవు మళ్ళీ జారిపోతుంది. ఇక 3019. మినాస్ తిరిత్ మీదికి పెద్ద దండు వస్తోంది. దక్షిణ సీమల నుంచి సాయానికి వచ్చే దళాల్ని పిప్పిన్ కోటవాకిట నిలబడి చూస్తాడు. ఒక సీమ నుంచి రావలసినవాళ్ళలో పదోవంతు, రెండు వందల మంది. ఇంకో లోయ నుంచి మూడు వందలు. అంతా కలిపి మూడువేల లోపే. ఎందుకు? ఉంబార్ ఓడలు తీరం మీదికి వస్తున్నాయి, ఎవరి ఊరు వాళ్ళు కాచుకుంటున్నారు. 1571 ఏళ్ళ కిందట ఇంటిపోరులో పారిపోయిన ఓడల బాకీ ఇప్పుడు కోటగోడల దగ్గర మనుషుల లెక్కలో పడింది. ఆ నల్ల ఓడల్ని ఆరగోర్న్ పట్టుకోవడం కూడా పెలార్గిర్ రేవులోనే. నవలలో ఇది ఒక ఉత్కంఠభరితమైన మలుపు; అనుబంధం చదివి వస్తే అదే రేవు, అదే తగవు.

ఇంకో కీలు ఇంతకన్నా సున్నితమైనది. రక్తం కలిస్తే ఆయువు తరుగుతుందన్న భయానికి చరిత్రకారుడు ఏం జవాబిస్తాడు? ఎల్డకార్ 235 ఏళ్ళు బతికాడని లెక్క చూపిస్తాడు. కలయిక వల్ల తరుగు వేగం పెరగలేదని, తరుగు మాత్రం ఆగలేదని, దానికి మూలం వేరే ఉందని రాస్తాడు. అంటే పోరుకి కారణమైన భయమే తప్పు. ఊరు కాలింది, శిల పోయింది, ఓడలు పోయాయి, అన్నీ ఒక తప్పుడు లెక్క మీద. టోల్కీన్ రాతల్లో ఉన్నత వంశం, శుద్ధరక్తం అన్న మాటలు నేటి పాఠకుడికి ముల్లులా తగులుతాయి, తగలాలి కూడా. ఆ మాటల్ని అతను పూర్తిగా వదులుకోలేదు. కాని తన రాజ్యంలో ఆ మాటని నినాదంగా ఎత్తుకున్నవాళ్ళ నాయకుణ్ణే దొంగరాజుగా నిలబెట్టాడన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మహమ్మారి 1636 నాటిది. యుద్ధం కన్నా నిశ్శబ్దంగా ఎక్కువ పని చేసింది. రాజూ పిల్లలూ పోయారు, కొలువు ముంగిటి తెల్లచెట్టు ఎండింది, మోర్డోర్ కనుమల మీద కోటల్లో కావలివాళ్ళు లేకుండాపోయారు. కొత్త రాజు తరోందోర్ 1640లో రాజగృహాన్ని మినాస్ అనోర్‌కి మార్చి, అక్కడ తెల్లచెట్టు మొలక నాటాడు. ఖాళీ అయిన కోటల్లోకి శత్రువు అప్పుడే దండెత్తలేదు. ముందు కోట ఖాళీ చేయించి, మూడున్నర శతాబ్దాలు ఊరుకుని, ఆ తర్వాత 2002లో మినాస్ ఇథిల్‌ని పడగొట్టాడు టోల్కీన్. ఈ ఓపిక చూసే నాకు అతని మీద గురి కుదిరింది. ఇంకో రచయితైతే పక్క వాక్యంలోనే దండయాత్ర నడిపించేవాడు.

1944లో ఒక వ్యాజ్యం. ఓండోహెర్ రాజు, అతని కొడుకులిద్దరూ యుద్ధంలో పోయారు. మిగిలింది కూతురు ఫీరియెల్. ఆమె ఉత్తరదేశపు యువరాజు ఆర్వెదుయి భార్య. ఆర్వెదుయి కిరీటం నాదేనన్నాడు. వాదనలు రెండు: తాను ఇసిల్దూర్ వంశస్థుడు, పైగా నూమెనోర్ పాత చట్టం ప్రకారం ఆడైనా మగైనా తొలిచూలుకే రాజ్యం, కనక తన భార్య హక్కుదారు. ఆ చట్టం నాలుగువేల ఏళ్ళకి పైగా కిందట తార్-అల్దరియోన్ అనే రాజు తన ఒక్కగానొక్క కూతురి కోసం మార్చింది. సముద్రం మీది మోజుతో భార్యని నిర్లక్ష్యం చేసిన ఆ రాజు సంసారం కథని టోల్కీన్ విడిగా రాశాడు. అతను పోయాక 1980లో 'అన్‌ఫినిష్డ్ టేల్స్'లో అచ్చయింది. ఒక దంపతుల పొత్తు చెడడం, దాన్నించి ఒక చట్టం, ఆ చట్టం నుంచి మరో యుగంలో ఒక వాదన. గోండోర్ మంత్రివర్గం, దాన్ని నడిపిన రాజప్రతినిధి పెలెండూర్, ఆ వాదన తోసిపుచ్చి గెలిచిన సేనానికి పట్టం కట్టారు. తప్పు చేశారనడానికి లేదు. కాని ఆ ఉత్తరపు వంశం పేరు, ఆ హక్కు, పత్రాల్లో బతికే ఉన్నాయి. ఆరగోర్న్ ఆ దంపతుల వంశంవాడే.

ఆఖరి రాజు ఎయర్నూర్ యోధుడు, పెళ్ళి చేసుకోలేదు. మినాస్ మోర్గుల్ ప్రభువు ద్వంద్వయుద్ధానికి రమ్మని రెచ్చగొట్టాడు. మొదటిసారి రాజప్రతినిధి మార్డిల్ ఆపాడు. 2050లో రెండోసారి కబురొస్తే ఆగలేదు. కొద్దిమందితో ఆ కోట వాకిట్లోకి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇక్కడ చరిత్రకారుడు చావుని ఖాయం చెయ్యడు. సాక్షి లేడు, శవం లేదు. చనిపోయాడని తేలితే కొత్త రాజుని వెతకాలి. అందరూ ఒప్పుకునే హక్కుదారు లేడు. వెతికితే మళ్ళీ దాయాదుల పోరు వస్తుందని అందరికీ భయం. ఆరు వందల ఏళ్ళనాటి ఆ గాయం ఇంకా మనసుల్లో ఉంది. కనక ఎవరూ తేల్చలేదు. రాజు వచ్చేదాకా ఆయన పేరు మీద దండం పట్టి ఏలుతానన్న ప్రమాణం మార్డిల్ నోట నిజమైన మాట. ఇరవై ఆరో రాజప్రతినిధి డెనెథోర్ నాటికి అది వల్లె. రాజ్యాంగ సమస్యకి ఇంత పొందికైన కారణం కల్పించిన నవల నాకు ఇంకొకటి తెలియదు.

అందుకే రాజప్రతినిధికి కిరీటం లేదు, సింహాసనం లేదు, తెల్లకర్ర ఉంది. జెండా మీద చెట్టూ లేదు, నక్షత్రాలూ లేవు, ఉత్త తెల్లగుడ్డ. పేర్లు కూడా దిగాయి: రాజుల పేర్లు క్వెన్యా అనే ఉన్నత భాషలో ఉండేవి, మార్డిల్ తర్వాతివాళ్ళు ఆ భాషలో పేర్లు పెట్టుకోవడం మానేశారు. వంశపట్టిక కిందికి చదువుకుంటూ పోతే ఎక్కడా చెప్పకుండానే చెవికి తేడా తెలుస్తుంది. డెనెథోర్ కొడుకు బోరోమిర్ చిన్నప్పుడు, ఎన్ని వందల ఏళ్ళు ఏలితే రాజప్రతినిధి రాజవుతాడని తండ్రిని అడిగాడట. వేరే రాజ్యాల్లో కొద్ది ఏళ్ళు చాలు, గోండోర్‌లో పదివేలైనా చాలవన్నాడు డెనెథోర్. తండ్రి గర్వం, కొడుకు ఆశ, ఆ ఇంటి ఉచ్చు, మూడూ ఆ జవాబులో ఉన్నాయి.

పంచాంగం సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి అన్యాయం చేసినట్టే. రాజుల కాలగణనలో సూర్యుడితో కొద్దికొద్దిగా తేడా పేరుకుంటూ వచ్చింది. మార్డిల్ సరిదిద్దాడు: 2059కి రెండు రోజులు కలిపి, 2060 నుంచి కొత్త పంచాంగం అమలు చేశాడు. ఆ తర్వాత హదోర్ అనే రాజప్రతినిధి 2360కి ఒక రోజు కలిపాడు. 3000లో మళ్ళీ చూసుకోవలసింది. యుద్ధం ముంచుకొస్తోందని ఇలాంటివి పట్టించుకోలేదు. ఈ ఆఖరి సంగతి అనుబంధంలో కుండలీకరణాల మధ్య ఒక చిన్న వాక్యం. కాలం లెక్క చూసుకునే తీరిక పోయిన రాజ్యమని ఆ చిన్న వాక్యంలో చెప్పి, మళ్ళీ నెలల పేర్లలోకి వెళ్ళిపోతాడు. కథకి దీనితో ఏ పనీ లేదు. ఎవరూ చదవరని తెలిసి కూడా లెక్క తప్పకుండా చేసిన పని.

నవలలో ఇవన్నీ పాఠకుడికి వస్తువులుగానే ఎదురవుతాయి. మినాస్ తిరిత్ వీధుల్లో పిప్పిన్ నడుస్తుంటే పెద్ద పెద్ద భవనాలు, గుమ్మాల మీద పాత లిపిలో వంశాల పేర్లు, లోపల మనుషుల అలికిడి లేదు. ఆ నగరంలో సుఖంగా ఉండగలిగినవాళ్ళలో సగం మందే ఉన్నారు. కొలువు ముంగిట ఎండిన చెట్టు: తరోందోర్ నాటిన మొక్క 2852లో చనిపోతే, మళ్ళీ నాటడానికి మొలక దొరక్క దాన్నే నిలిపి ఉంచారు. మొదటి సంపుటంలో పడవలు ఆర్గొనాత్ మధ్యనుంచి పోతాయి. నదికి అటూ ఇటూ చెయ్యి చాచి ఆగమనే రాతిరాజులు. అవి ఎవరు ఎప్పుడు పెట్టించారో అక్కడ చెప్పడు. పెట్టించింది మినల్కార్, అంటే కొడుకుని ఉత్తరానికి పంపిన ఆ తండ్రే.

లోపాలు లేవని కాదు. మన జానపద సినిమాల్లో రాజ్యమంటే ఒక సింహాసనం, ఒక రాకుమారి, ఒక దుష్టమంత్రి. టోల్కీన్ ఆ దశని ఎంతో దూరం దాటాడు గానీ, అతని గోండోర్‌లో కూడా రైతు పన్ను ఎంత కట్టాడో, అన్నేళ్ళ యుద్ధాలకి జీతాలు ఎక్కణ్ణించి వచ్చాయో కనపడదు. ఆరగోర్న్ పన్నుల విధానం ఏమిటని జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 2014లో ఒక ఇంటర్వ్యూలో అడిగింది న్యాయమైన ప్రశ్నే. టోల్కీన్ యంత్రం వంశం, కావలి, రేవు, ఆయువు మీద నడుస్తుంది. ధాన్యం మీద నడవదు.

రాజు తిరిగొచ్చాక ఏమైందో రాయాలని టోల్కీన్ ఒకసారి మొదలుపెట్టాడు. పేరు 'ది న్యూ షాడో'. కాలం, యుద్ధం ముగిసిన వందేళ్ళ తర్వాత. పిప్పిన్‌కి మినాస్ తిరిత్ చూపించిన సైనికుడు బెరెగోండ్ కొడుకు బోర్లాస్, ఇప్పుడు ముసలివాడు, తోటలో కూచుని ఒక యువకుడితో మాట్లాడుతుంటాడు. కుర్రాళ్ళు పచ్చికాయలు రాల్చి పాడు చేశారన్న ఒక పాత మాట నుంచి వాదన సాగుతుంది. శాంతి, సుభిక్షం ఉన్నాయి. జనానికి మొహం మొత్తుతోంది. పిల్లలు రాక్షసుల ఆట ఆడుతున్నారు. కొద్ది పేజీలు రాసి ఆపేశాడు. ఇది కుట్రలు పట్టుకునే ఉత్కంఠ కథ అవుతుంది తప్ప రాయదగ్గది కాదని 1964లో ఒక ఉత్తరంలో చెప్పాడు. నాకు తోచే కారణం ఇంకొకటి. ఆల్కరిన్ రోజుల్లో మణులతో ఆడిన పిల్లలకీ, ఈ తోటలో కాయలు రాల్చిన కుర్రాళ్ళకీ ఉన్న చుట్టరికం అతనికి బాగా తెలుసు. దాన్ని నడిపించడానికి అతని పద్ధతికి ఇంకో వెయ్యేళ్ళ రాజుల పట్టిక, రెండు మూడు రేవులు, ఒక తగవు కావాలి. బోర్లాస్ తోటలో అంత జాగా లేదు.